ఎర్రచుక్క పడ్డాకే

వదిలేస్తే ఈ చెట్టు కొబ్బరితో పోటీ పడుతుంది.
అందుకే మూడో ఏడు దాని తల తీసేస్తారు.
కొమ్మలకి తాళ్ళు కట్టి, తాళ్ళకి రాళ్ళు కట్టి
నేలకేసి చూడడం నేర్పుతారు.
అంజువాన్ దీవిలో, సముద్రం కనబడే ఆ కొండవాలు మీద
ఇలాంగ్ తోటంతా నడుము పట్టేసిన మనుషుల్లా ఉంటుంది.

ఎంత ఎత్తు ఉంచాలి?
కోసేవాళ్ళు చెయ్యి చాపితే అందేంత.
జాలిహాతా తల్లి తన చేతి కొలతకి నరికించింది.
కూతురు తల్లికంటే జానెడు ఎక్కువ పెరిగింది,
చెట్లు పెరగలేదు.
ఆ జానెడూ రోజూ తోటలో వంగుతుంది.

సీతాఫలానికి చుట్టమట ఈ పువ్వు.
చూస్తే నమ్మబుద్ధి కాదు.
ఆరు రేకులు, తడిసిన రిబ్బను ముక్కల్లా వేలాడుతూ.
మొదట ఆకుపచ్చ. వాసన లేదు, బిగువు తప్ప.
ఇరవై రోజులు ఎండా వానా తాగి పసుపెక్కుతుంది.
అప్పుడూ కోయకూడదు.
రేకుల మొదట్లో, లోపల, ఎర్రచుక్క పడాలి.

"చీకట్లో చుక్క ఎలా కనబడుతుంది?"
ఈ మధ్యే కోతకొచ్చిన ఎచాతి అడిగింది.
"కనబడదు. మెత్తబడి ఉంటుంది, చెవితమ్మెలాగా."
ఎచాతి తన చెవితమ్మె పట్టుకుని చూసుకుంది,
తర్వాత పువ్వుని,
మళ్ళీ చెవిని.

తొమ్మిదింటికల్లా బుట్ట దించాలి.
ఎండెక్కితే వాసన గాలికి దానం.
గోరు తగిలిన రేకు నల్లబడుతుంది,
నల్లబడ్డది తూకంలో ఉంటుంది, ధరలో ఉండదు.
నాలుగు పూలు మాత్రం జాలిహాతా కొంగు చివర ముడేస్తుంది.
కొబ్బరినూనెలో వేసి ఎండలో పెడితే
వారం తలకి చాలు.
అది దొంగతనమా అంటే, ఆటూమానికి తెలుసు,
ఆటూమాని భార్య జడకీ తెలుసు.

ఆటూమానిది రేకుల షెడ్డు, ఒక రాగి బాన,
రాత్రంతా ఆరకూడని పొయ్యి.
మొదటి గంటల చుక్కలు ఓడెక్కి పోతాయి
ఎవరెవరి మెడల మీదికో.
తర్వాతివి సబ్బుల్లోకి.
తెల్లారేసరికి మిగిలిన నీళ్ళతో
బాలింతలకి స్నానం పోస్తారు, అది ఎవరూ కొనరు.
పూల బరువుకి రెండింతలు, మూడింతలు కట్టెలు.
వెనక కొండ ఇప్పుడు గొరిగిన తలలా ఉంది.

తోట చివర ఒకటే ఒక చెట్టు ఉండేది, తల తీయనిది.
జ్వరాల ఏడాది కత్తి పట్టేవాళ్ళు లేక తప్పించుకుంది.
నిటారుగా, పోకచెట్టులా.
దాని పూలు ఎవరికీ అందేవి కావు,
వాసన మాత్రం రాత్రుళ్ళు మెట్లు దిగినట్టు దిగేది.

"ఆరు వంటలకొస్తుంది," అన్నాడు ఆటూమాని.
గొడ్డలి శబ్దం మధ్యాహ్నం దాకా వినబడింది.

పడింది.
నలభై ఏళ్ళుగా పైన ఉన్నవన్నీ
ఒక్కసారిగా మోకాలి ఎత్తుకొచ్చాయి.
ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి నేల మీద కూర్చుని కోశారు,
ఎర్రచుక్క పడ్డవీ, పడబోయేవీ.
ఎవరూ మాట్లాడలేదు.
కాకులు మాట్లాడాయి.

పచ్చికట్టె మండదు కదా.
పొగ షెడ్డు నింపింది, ఆటూమాని కళ్ళు నింపింది,
ఆ వంట నూనెకి మసి వాసన పట్టి
సబ్బులవాడు కూడా వద్దన్నాడు.
మిగిలిన దుంగలు ఎండటానికి వరసగా పేర్చారు.
వాటి మీద ఇప్పుడు పిల్లలు కూర్చుంటున్నారు.

వానలు పడ్డాక మోడు పక్క నుంచి చిగురొచ్చింది,
ఒకటి కాదు, మూడు.
ఎచాతి తాడు తెచ్చింది, రాయి కోసం వెతుకుతోంది.
"ఆగు," అంది జాలిహాతా.
"దీన్ని కోసేది నువ్వే.
ముందు నీ చెయ్యి ఎంత ఎత్తుకి అందుతుందో చూపించు."

ఎచాతి చెయ్యెత్తింది.
కాస్త ఆలోచించి,
మునివేళ్ళ మీద నిలబడింది.